వెయ్యి కోట్ల స్ట్రైకర్, 90 నిమిషాల్లో 7 టచ్‌లు: లుకాకు, చెల్సీ కేస్ స్టడీ

2022 ఫిబ్రవరి 19న సెల్‌హర్స్ట్ పార్క్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద చెల్సీ 1-0తో గెలిచింది. 89వ నిమిషంలో జియెష్ కొట్టాడు. అయితే ఆ గోల్ ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తులేదు. ఆ మ్యాచ్‌లో చెల్సీ స్ట్రైకర్ రొమేలు లుకాకు 90 నిమిషాలూ మైదానంలో ఉండి బంతిని తాకింది మొత్తం 7 సార్లు, అందులో ఒకటి కికాఫ్. ఈ లెక్కలు రాయడం మొదలైన 2003-04 సీజన్ నుంచి అప్పటిదాకా ప్రీమియర్ లీగ్‌లో పూర్తి మ్యాచ్ ఆడిన ఏ ఆటగాడికీ అంత తక్కువ టచ్‌లు లేవు. దాదాపు ఆరు నెలల ముందు ఇదే మనిషి కోసం చెల్సీ 9.75 కోట్ల పౌండ్లు పెట్టింది. మన లెక్కలో దాదాపు వెయ్యి కోట్ల రూపాయలు, అప్పటికి ఆ క్లబ్ చరిత్రలోనే అత్యధికం.

నా పని వీడియో అనాలిసిస్, దాంతోపాటు ఎవరినైనా తీసుకునే ముందు క్లబ్‌కి రిపోర్ట్ రాసివ్వడం. మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో నేను మొదట పెట్టే ఫైల్ లుకాకుదే. ఎందుకంటే ఇందులో తప్పించుకునే దారులు లేవు. ఆటగాడు చెత్తవాడు కాదు, కోచ్ చెత్తవాడు కాదు, క్లబ్ దగ్గర డబ్బు లేక కాదు, లీగ్ కొత్త అని కూడా అనలేం, అతను అప్పటికే ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ఆడి వంద లీగ్ గోల్స్ దాటినవాడు. అయినా కుదరలేదు. ఇలాంటి కేసులోనే అసలు కారణం బయటపడుతుంది.

మొదట ఒక మాట చెల్సీ తరఫున. వాళ్లకి స్ట్రైకర్ అవసరం నిజంగా ఉంది. 2020-21లో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు సరే, ఆ సీజన్ లీగ్‌లో వాళ్ల టాప్ స్కోరర్ ఎవరో చూడండి: మిడ్‌ఫీల్డర్ జోర్జిన్యో, 7 గోల్స్, ఏడూ పెనాల్టీలే. ఫార్వర్డ్ వెర్నర్ లీగ్‌లో కొట్టింది 6. కోచ్ టుషెల్ 2021 జనవరిలో వచ్చాక డిఫెన్స్ గోడలా తయారైంది, బంతి ఎప్పుడూ వీళ్ల కాళ్ల దగ్గరే ఉండేది, అవకాశాలూ వచ్చేవి, లోపలికి తోసేవాడే లేడు. ఆ వేసవిలో ముందు డార్ట్‌మండ్ క్లబ్ స్ట్రైకర్ హాలండ్ కోసం ప్రయత్నించారని, ఆ క్లబ్ అమ్మలేదని అప్పట్లో బాగా రాశారు. సరిగ్గా అప్పుడే ఇంటర్ మిలాన్ డబ్బు ఇబ్బందుల్లో పడింది. ఆ ముందు సీజన్‌లో ఇటలీ లీగ్‌లో 24 గోల్స్, 11 అసిస్ట్‌లతో (గోల్‌కి దారితీసిన పాస్‌లు) ఇంటర్‌కి 11 ఏళ్ల తర్వాత టైటిల్ తెచ్చిన స్ట్రైకర్ లుకాకు మార్కెట్లోకి వచ్చాడు. పైగా 18 ఏళ్లకే చెల్సీ కొన్న కుర్రాడు, చిన్నప్పటి నుంచి ఆ క్లబ్ అభిమాని. కాగితం మీద ఇంతకంటే మంచి సైనింగ్ దొరకదు. ఆ రోజు ఎవరైనా వద్దన్నారని ఇప్పుడు చెబితే నేను అంత సులువుగా నమ్మను.

మరి లోపం ఎక్కడ? నా ఉద్దేశంలో చెల్సీ కొన్నది 24 గోల్స్‌ని. ఆ గోల్స్ పుట్టిన పరిస్థితిని కాదు. అది మిలాన్‌లోనే ఉండిపోయింది.

ఇంటర్‌లో బంతి ఎలా వచ్చేది

అప్పటి ఇంటర్ కోచ్ ఆంటోనియో కాంటే జట్టు 3-5-2, అంటే వెనక ముగ్గురు, మధ్యలో ఐదుగురు. ముందు ఇద్దరు స్ట్రైకర్లు, లుకాకు, లౌతారో మార్టినెజ్. ఆ టైటిల్ సీజన్‌లో లౌతారో కూడా లీగ్‌లో 17 కొట్టాడు. చాలామంది లుకాకు క్లిప్పులు చూసేటప్పుడు బంతి అతని దగ్గరికి వచ్చిన క్షణం నుంచి చూస్తారు. దానికి పది సెకన్ల ముందు నుంచి చూడాలి. ఇంటర్ వెనకాల ముగ్గురు డిఫెండర్లు, వాళ్ల ముందు మిడ్‌ఫీల్డర్ బ్రొజోవిచ్, తమ సొంత గోల్ ముందున్న బాక్స్ దగ్గర తీరిగ్గా పాస్‌లు ఆడుతూ ఉంటారు. ఎదుటి జట్టుకి ఆశ పుడుతుంది, లాక్కుందామని పైకి వస్తుంది. వాళ్లు పైకి రాగానే, అప్పటిదాకా నిద్రపోతున్నట్టు కనిపించిన ఆట ఒక్క పాస్‌తో మొదలవుతుంది: డిఫెండర్లు బాస్తోని గానీ ష్క్రీనియార్ గానీ నేరుగా మధ్యగీత దగ్గర ఉన్న లుకాకు కాళ్లకి కొడతాడు. అక్కడ అతని వీపు మీద ఉండేది ఒక్క డిఫెండర్. ఆ డిఫెండర్ వెనకాల నలభై మీటర్ల ఖాళీ.

ఆ పరిస్థితిలో ఈ 6 అడుగుల 3 అంగుళాల మనిషిని ఆపడం ఎవరివల్లా కాదు. ఒంటితో డిఫెండర్‌ని అడ్డుకుని, బంతిని లౌతారోకో మిడ్‌ఫీల్డర్ బరెల్లాకో పక్కకు తోసి, తను తిరిగి పరిగెడతాడు. లేదా తనే తిరిగేస్తాడు. కుడిపక్క హకీమీ రైలులా దూసుకొస్తుంటాడు, అతన్ని వదిలేస్తే క్రాస్ వస్తుంది, పట్టుకోవడానికి వెళ్తే మధ్యలో దారి తెరుచుకుంటుంది. కాంటే ఈ కదలికల్ని ట్రైనింగ్‌లో రోజూ, ఆటగాళ్లకి విసుగొచ్చేంతగా చేయిస్తాడు. ఎవరు ఎప్పుడు ఎటు పరిగెత్తాలో వాళ్లు కళ్లు మూసుకుని చెప్పగలరు. లుకాకుకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అతని మొదటి టచ్ ఎప్పుడూ కొంచెం గరుకే. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిస్తే ఆ గరుకుదనం ఆటను పాడుచేయదు.

ఇంకో విషయం, పెనాల్టీలు. ఇంటర్‌లో పెనాల్టీలు అతనివే, చెల్సీలో మొదటి హక్కు జోర్జిన్యోది. చిన్న విషయంలా ఉంటుంది గానీ 24 అనే అంకెను ఒక లీగ్ నుంచి ఇంకో లీగ్‌కి మోసుకొచ్చేవాళ్లు ముందు ఇది తీసేసి లెక్కపెట్టాలి.

‘టార్గెట్ మ్యాన్’ అనే అపోహ

ఈ కేసు చెప్పేటప్పుడు ఎక్కువమంది అనేది: "లుకాకు టార్గెట్ మ్యాన్, చెల్సీ పొట్టి పాస్‌ల జట్టు, అందుకే కుదరలేదు." ఇది సగం కూడా నిజం కాదు, ఇలా రాసిన రిపోర్ట్ మా దగ్గరికి వస్తే వెనక్కి పంపిస్తాను. పెద్ద శరీరం చూసి అందరూ ఇతన్ని గోల్‌కి వీపు పెట్టి నిలబడే స్తంభం అనుకుంటారు. నిజానికి అతను ఖాళీలోకి పరిగెత్తే ఆటగాడు, ముఖం గోల్ వైపు ఉన్నప్పుడే ప్రమాదకరం. ఒంటితో ఆపే పని అతనికి వచ్చు, కానీ ఆపాక పరిగెత్తడానికి జాగా ఉన్నప్పుడే అది గోల్‌గా మారుతుంది. వీపు మీద ఒకడు, ముందు ఇద్దరు, పక్కన ఇంకొకడు ఉన్న బాక్స్‌లో నిలబెడితే అతను మామూలు స్ట్రైకర్.

దీనికి రుజువు కావాలంటే 2018 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్, కజాన్‌లో బెల్జియం, బ్రెజిల్ మ్యాచ్ చూడండి. కోచ్ రొబెర్తో మార్టినెజ్ ఆ రోజు లుకాకుని మధ్యలోంచి తీసి కుడిపక్కకు పంపి, డి బ్రూయిన్‌ని మధ్యలో పెట్టాడు. రెండో గోల్ గుర్తుందా? బ్రెజిల్ కార్నర్ చెదిరిపోయాక లుకాకు తన సొంత హాఫ్‌లో బంతి అందుకుని, తిరిగి, ఇద్దరు ముగ్గుర్ని విదిలించుకుంటూ మధ్యగీత దాటి వెళ్లి డి బ్రూయిన్‌కి ఇచ్చాడు. ఎడమకాలి ఆటగాడు కుడిపక్క ఖాళీలో మొదలుపెట్టి లోపలికి కోసుకొచ్చే ఆట అది. ఇంటర్‌లో కూడా ఎక్కువగా అతను ఉన్నది ఆ కుడి సందులోనే.

టుషెల్ చెల్సీలో ఏం ఉంది

టుషెల్ ఆడించింది 3-4-2-1. వెనక ముగ్గురు కాబట్టి ఇంటర్‌లాంటిదే అని చాలామంది అనుకున్నారు. అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆట ఒకటి కాదు. చెల్సీ బంతిని ఎదుటివాళ్ల హాఫ్‌లోకి తీసుకెళ్లి అక్కడే ఉంచేస్తుంది. బంతి పోతే వెంటనే అందరూ మీద పడి లాక్కుంటారు. దానివల్ల ప్రీమియర్ లీగ్‌లో చాలా జట్లు చెల్సీతో ఆడేటప్పుడు పైకి రావడమే మానేశాయి, పదిమంది బాక్స్ ముందే గుమిగూడేవాళ్లు. లుకాకుకి ఇంటర్‌లో దొరికిన ఆ నలభై మీటర్లు ఇక్కడ పది కూడా ఉండేవి కావు.

ఛాంపియన్స్ లీగ్ గెలిచిన చెల్సీ ముందు వరుసను ఒకసారి తలుచుకోండి: మౌంట్, హావెర్ట్జ్, వెర్నర్. ముగ్గురిలో ఎవరూ ఒకచోట నిలబడరు. ఒకడు కిందికి వస్తే ఇంకొకడు పైకి పోతాడు, డిఫెండర్ ఎవరిని పట్టుకోవాలో తేల్చుకునేలోపు మూడోవాడు దూరిపోతాడు. పోర్తోలో మాంచెస్టర్ సిటీ మీద ఫైనల్లో వచ్చిన ఒకే ఒక్క గోల్ అలాంటిదే. వెర్నర్ పక్కకు పరిగెత్తి డిఫెండర్‌ని లాగాడు, మధ్యలో తెరుచుకున్న దారిలోకి హావెర్ట్జ్ వచ్చాడు, మౌంట్ పాస్ ఇచ్చాడు. ఆ జట్టులో స్ట్రైకర్ ‘లేకపోవడం’ లోపం కాదు, ఆటే దాని మీద నడిచింది. గోల్స్ తక్కువ రావడం దానికి కట్టిన ధర. చెల్సీ ఆ ధర తగ్గించుకోవాలనుకుంది, కానీ ధర తగ్గించడానికి తెచ్చిన మనిషి ఆ ఆటలో ఇమడాలంటే ఆట మారాలి. ఆట మారిస్తే యూరప్ గెలిపించినదాన్ని మార్చినట్టు. టుషెల్ మార్చలేదు. నేను అతని స్థానంలో ఉన్నా ఆ సెప్టెంబర్‌లో మార్చేవాణ్ని కానేమో.

ప్రెసింగ్, అంటే ఎదుటివాళ్ల మీద పడి బంతి లాక్కునే పని, కూడా కలిపి చూడాలి. టుషెల్ ముందు ముగ్గురితో వేటాడించేవాడు. లుకాకుకి ఆ పని చేతకాదని కాదు, అది అతని ఆట కాదు. అతను శక్తి దాచుకుని ఒక్కసారిగా ఖర్చుపెట్టే రకం. ముగ్గురిలో ఒకడు అర సెకను ఆలస్యంగా కదిలితే మిగతా ఇద్దరి పరుగూ వృథా. స్కోర్‌బోర్డ్ మీద అది కనిపించదు గానీ వీడియోలో చాలా బాధగా కనిపిస్తుంది.

సీజన్ నడిచిన తీరు

మొదలు అద్భుతం, అసలు సమస్య అక్కడే. ఆగస్టు 22న ఆర్సెనల్ మీద పావుగంటలో గోల్. డిఫెండర్ పాబ్లో మారీని ఒంటితో పక్కకు నెట్టేసిన తీరు చూసి అందరూ మురిసిపోయారు. సెప్టెంబర్‌లో ఆస్టన్ విల్లా మీద రెండు, తర్వాత జెనిత్ మీద ఒకటి. కొత్త సైనింగ్ మొదటి నెలలో రాణిస్తే ఇక ఎవరూ ప్రశ్నలు అడగరు. మా పనిలో ఇది పెద్ద ఉచ్చు. ఆ ఆర్సెనల్ ముఖ్యమైన ఆటగాళ్లు లేక కుంటుతున్న జట్టు, పైగా ఎదురొచ్చి ఆడింది, దాంతో వెనకాల ఖాళీ దొరికింది. అది చెల్సీకి మామూలుగా ఎదురయ్యే మ్యాచ్ కాదు.

సెప్టెంబర్ 25న సిటీ మీద టుషెల్ వెర్నర్‌ని, లుకాకుని జంటగా ఆడించాడు. ఇంటర్ పద్ధతి ఇక్కడా పెట్టి చూశారు కదా అంటారు. పెట్టారు, కానీ జట్టు మొత్తం ఎంత కిందికి కూర్చుందంటే ముందున్న ఇద్దరికీ బంతే అందలేదు, 0-1తో ఓడింది. ఇద్దరు స్ట్రైకర్లుంటే ఇంటర్ అయిపోదు, వాళ్లకి బంతి చేర్చే వెనకవాళ్ల అలవాటు కూడా ఉండాలి. అక్టోబర్‌లో మాల్మో మ్యాచ్‌లో చీలమండ గాయం. తిరిగొచ్చేలోపు లుకాకు లేకుండానే జట్టు గెలుస్తోంది, పాత ముగ్గురి ఆట మళ్లీ అందుకుంది.

ఇక్కడ లుకాకు పక్షాన కూడా నిజాయితీగా ఒకటి చెప్పాలి, చాలామంది చెప్పరు. నవంబర్ 23న యువెంటస్ మ్యాచ్‌లో చిల్వెల్ మోకాలు పోయింది, దాదాపు సీజన్ మొత్తానికీ పోయాడు. డిసెంబర్ చివర్లో రీస్ జేమ్స్ కూడా గాయపడ్డాడు. ఈ జట్టులో క్రాస్‌లు, వెడల్పు అంతా అంచుల వెంట పైకీ కిందికీ పరిగెత్తే ఆ ఇద్దరు వింగ్‌బ్యాక్‌లదే. స్ట్రైకర్‌ని కొన్నప్పుడు ఉన్న రెండు పైపులూ నాలుగు నెలల్లో మూసుకుపోతే నీళ్లు రాలేదని కుళాయిని తిట్టి లాభం లేదు. వాళ్లిద్దరూ ఉండి ఉంటే ఆ సీజన్ లుకాకు కొట్టిన 8 లీగ్ గోల్స్ 15 అయ్యేవా? అయ్యేవేమో. అయినా నా తీర్పు మారదు, ఎందుకంటే గోల్స్ పెరిగినా ఆ ప్రెసింగ్ సమస్య, ఆ ఇరుకు బాక్స్ సమస్య అలాగే ఉండేవి.

డిసెంబర్ 26న విల్లా పార్క్ మ్యాచ్ ఈ ఫైల్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం. లుకాకు హాఫ్‌టైమ్‌లో మైదానంలోకి వచ్చాడు. హడ్సన్-ఒడోయ్ క్రాస్‌కి తలతో గోల్. చివర్లో, విల్లా సమం చేయడానికి ముందుకొచ్చిన సమయంలో, తన హాఫ్ దగ్గర నుంచి బంతితో దూసుకుపోయి పెనాల్టీ తెచ్చాడు. 3-1. ఎదుటి జట్టు పైకొచ్చి, వెనకాల పొలమంత ఖాళీ ఉంటే ఈ మనిషి ఏంటో 45 నిమిషాల్లో తేలిపోయింది. మరి ఆ ఖాళీ చెల్సీకి ఎన్ని మ్యాచ్‌లలో దొరుకుతుంది? గెలుస్తున్న మ్యాచ్ చివరి ఇరవై నిమిషాల్లో. దానికి వెయ్యి కోట్లు ఎక్కువే.

నాలుగు రోజులకి ఇటలీ టీవీలో ముందెప్పుడో రికార్డ్ చేసిన లుకాకు ఇంటర్వ్యూ వచ్చింది. ఇక్కడి పరిస్థితితో సంతోషంగా లేనని, కోచ్ వేరే పద్ధతి ఎంచుకున్నాడని అన్నాడు. లివర్‌పూల్ మ్యాచ్‌కి టుషెల్ పక్కన పెట్టాడు, తర్వాత క్షమాపణ, అంతా సర్దుకున్నట్టు కనిపించింది. పత్రికలు ఈ ఇంటర్వ్యూనే మొత్తం కథగా చెప్పాయి. నాకు మాత్రం అది కారణంలా కాదు, ఫలితంలా కనిపిస్తుంది. పద్ధతి గురించి అతను అన్నది అనకూడని చోట అన్నాడు గానీ, అన్నది తప్పు కాదు. ఫిబ్రవరిలో క్లబ్ వరల్డ్ కప్ సెమీస్‌లో, ఫైనల్‌లో రెండింటిలోనూ గోల్ కొట్టాడు. ఫైనల్ అయిన వారానికే ప్యాలెస్, ఆ 7 టచ్‌లు. ఏప్రిల్‌లో బెర్నబావులో రియల్ మాడ్రిడ్‌ని దాదాపు ఇంటికి పంపేసిన రాత్రి చెల్సీ ముందు వరుస మళ్లీ వెర్నర్, హావెర్ట్జ్, మౌంట్.

సీజన్ మొత్తం, అన్ని పోటీలూ కలిపి 44 మ్యాచ్‌లు, 15 గోల్స్. 2022 వేసవిలో లోన్ మీద తిరిగి ఇంటర్‌కి.

వెళ్లిపోయినవాళ్ల లెక్క

సైనింగ్ రిపోర్టుల్లో దాదాపు ఎవరూ రాయని కాలమ్ ఇది: ఇతన్ని తెస్తే ఎవరు పోతారు? లుకాకు వచ్చిన 2021 వేసవిలోనే చెల్సీ స్ట్రైకర్లు జిరూ ఏసీ మిలాన్‌కి, టామీ ఏబ్రహామ్ రోమాకి వెళ్లారు. జిరూ ముందు సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో చెల్సీ టాప్ స్కోరర్, 6 గోల్స్, సెవియా మీద ఒక్క మ్యాచ్‌లోనే 4. ఇరుకు బాక్స్‌లో వీపు పెట్టి ఒక్క టచ్‌తో పక్కవాడికి దారి తీయడం, చెల్సీకి కావలసిన ఆ పని సరిగ్గా అతనిదే. మిలాన్‌కి వెళ్లి మొదటి ఏడాదే లీగ్ గెలిచాడు, 11 లీగ్ గోల్స్. ఏబ్రహామ్ రోమాలో అన్నీ కలిపి 27 కొట్టాడు. వాళ్లు లుకాకు కంటే గొప్పవాళ్లని కాదు. కానీ చెల్సీ అమ్మిన ఇద్దరు స్ట్రైకర్లూ వాళ్లకి సరిపోయే చోట రాణించారు, కొన్న ఒక్కడూ ఇక్కడ ఇరుక్కుపోయాడు. అంటే సమస్య స్కౌటింగ్‌ది కాదు, సరిపోల్చడానిది.

నేనైతే ఎలా చూస్తాను

స్ట్రైకర్ ఫైల్ వస్తే గోల్స్ క్లిప్పులు చివరికి తోసేస్తాను. ముందు, అతను బంతి అందుకున్న ప్రతిసారీ అంతకు పది సెకన్ల ముందు నుంచి కట్ చేయిస్తాను. పాస్ ఎవరి నుంచి వచ్చింది, అలాంటి పాస్ ఇచ్చేవాడు మన దగ్గర ఉన్నాడా? అందుకున్నప్పుడు ముఖం ఎటు ఉంది? ఎదుటి డిఫెన్స్ లైన్ ఎక్కడుంది? అతనికి పదిహేను మీటర్లలోపు మనవాడు ఎవడైనా ఉన్నాడా? తర్వాత మన జట్టు మ్యాచ్‌లు తీసుకుని, మన స్ట్రైకర్‌కి బంతి అందే చోట్లను దాని పక్కన పెడతాను. రెండు మ్యాపులు ఒకదాని మీద ఒకటి పడకపోతే, అక్కడే ఆగి కోచ్‌ని పిలుస్తాను. ‘ఇతను మారతాడా, నువ్వు మారతావా?’ కోచ్ ‘అతను మారతాడు’ అంటే, గతంలో ఎక్కడైనా మారాడా అని అడుగుతాను. లుకాకు విషయంలో జవాబు వెస్ట్ బ్రామ్, ఎవర్టన్, మాంచెస్టర్ యునైటెడ్, బెల్జియం, ఇంటర్ అంతటా ఉంది. ఎక్కడ వెలిగాడో అక్కడ ఖాళీ ఉంది.

ఆ తర్వాత అతని చెడ్డ మ్యాచ్‌లు. పది మంచివాటికంటే నాలుగు చెడ్డవి ఎక్కువ చెబుతాయి. ఇంటర్‌లో కూడా కొన్ని పెద్ద యూరప్ మ్యాచ్‌లలో, ఎదుటివాళ్లు పైకి రాకుండా కూర్చున్న రోజుల్లో అతను మాయమైపోయాడు. ఆ టేపులు 2021 ఆగస్టులో అందరికీ అందుబాటులోనే ఉన్నాయి.

మన లీగ్‌ల స్థాయిలో ఈ పని ఇంకా కష్టం. ఏజెంట్ పంపే ఐదు నిమిషాల వీడియోలో గోల్స్ తప్ప ఏమీ ఉండవు, పాట మాత్రం ఉంటుంది. విదేశీ ఆటగాళ్ల స్లాట్లు లెక్కపెట్టినన్నే ఉంటాయి కాబట్టి ఒక స్ట్రైకర్ తప్పు పడితే సీజన్ సగం పోయినట్టే. అందుకే మొదట పూర్తి మ్యాచ్‌లు పంపమని అడుగుతాను, అందులో రెండైనా ఓడినవి ఉండాలంటాను. పంపకపోతే ఆ ఫైల్ అక్కడితో సరి.

ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. ‘ఇదంతా కాంటే మహిమ, కాంటే లేకుంటే లుకాకు లేడు’ అని. పూర్తిగా కాదు. 2023-24లో రోమాలో కోచ్ మౌరిన్యో, తర్వాత కోచ్ డి రోస్సి దగ్గర, పక్కన ఫార్వర్డ్ డిబాలా ఉండగా అన్ని పోటీల్లో కలిపి 21 కొట్టాడు. కానీ 2024 ఆగస్టులో నేపోలి కొత్త కోచ్ కాంటే పట్టుబట్టి అతన్ని తెప్పించుకున్నాడు. అప్పటికి వయసు 31, వేగం తగ్గింది, చెల్సీ దాదాపు 3 కోట్ల యూరోలకే వదిలేసింది. ఆ సీజన్ 14 లీగ్ గోల్స్, 10 అసిస్ట్‌లు. 2025 మే 23న కాలియారి మీద 2-0తో గెలిచి నేపోలి ఛాంపియన్ అయిన రాత్రి రెండో గోల్ లుకాకుదే. వీలుంటే దాని రీప్లే చూడండి. మధ్యగీత దగ్గర బంతి అందుకుంటాడు, ముందంతా ఖాళీ, వెంట పడ్డవాడిని ఒంటితో అవతలికి నెట్టి పరిగెడతాడు.